ఊపిరి దాచుకున్న మనిషి

కుళాయి నీళ్లు వచ్చే వేళకు లీదియా లేచి హాల్లోకి వచ్చేసరికి కృపానందం అప్పటికే మేలుకుని ఉన్నాడు. కిటికీ పక్కన పేము కుర్చీలో, వీపుకు రెండు దిళ్లు ఆనించుకుని, వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. రాత్రంతా అక్కడే నిద్రపోయాడని ఆమెకు తెలుసు. ఏడాదికి పైగా అతని పడక అదే. పడకగదిలో మంచానికి ఒక పక్క దుప్పటి వేసిన మడత వేసినట్టే ఉంటోంది.

"టీ అక్కడికి తేనా, లోపలికి వస్తారా?" వంటింట్లోంచి అడిగింది.

"ఇక్కడికే."

రోజు మొత్తంలో అతని నోటి నుంచి వచ్చే మాటలన్నీ ఆ పొడవువే. ఊ, సరే, పెట్టు, చాలు. ఒకప్పుడు ఈ మనిషి మాటలకు అడ్డూ ఆపూ ఉండేది కాదు. మెదక్ పక్క పల్లెటూరి నుంచి వచ్చినవాడు. గుంటూరు నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చిన తనను మిషన్ ఆస్పత్రి వరండాలో మాటలతోనే పడగొట్టాడు. చర్చిలో పాట మొదలుపెడితే వెనక బెంచీల వాళ్లు కూడా పుస్తకాలు మూసి వినేవాళ్లు. "మీరు నోరు మూసుకుంటే ఇంట్లో కరెంటు పోయినట్టుంటుందండీ" అని నవ్వేది లీదియా. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నవ్వు రావడం లేదు.

ఫోను మోగింది. కృపానందం చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంది. రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఒక్క క్షణం విన్నాడు. ఏమీ మాట్లాడకుండా లీదియా వైపు చాచాడు.

"మమ్మీ, ఫోన్ ఎత్తింది డాడీయేనా?" అవతల జాయ్స్.

"అవునమ్మా."

"హలో డాడీ అన్న. బాగున్నవా అన్న. ఏం మాట్లాడకుండ నీకిచ్చిండు కదా?"

లీదియా భర్త వైపు చూసింది. అతను మళ్లీ వీధిలోకి చూస్తున్నాడు.

"పర్లేదులే మమ్మీ. నాకు అలవాటైంది" అంది జాయ్స్. అలవాటు కాలేదని ఆ గొంతే చెబుతోంది. డ్యూటీ ఇప్పుడే దిగానని, నిద్రొస్తోందని చెప్పి పెట్టేసింది.

సైబర్ టవర్స్ తెరిచాక మాదాపూర్ రాళ్ల మధ్య కొత్త కొత్త ఉద్యోగాలు మొలిచాయి. అమెరికాలో డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి పంపిన రికార్డింగులు విని, కంప్యూటర్‌లో టైపు చేసే ఉద్యోగం కిందటేడు జాయ్స్‌కు దొరికింది. పనంతా రాత్రిపూటే. కూకట్‌పల్లి నుంచి ఆ వేళల్లో బస్సులుండవు. అందుకని మాదాపూర్‌లోనే లేడీస్ హాస్టల్లో ఉంటానంది. కృపానందం వద్దన్నాడు. లీదియా కూతురి పక్షం మాట్లాడింది. ముగ్గురి మధ్యా మాట మీద మాట పెరిగింది.

చివరకు జాయ్స్ ఏడుస్తూ అడిగింది. "నేను పోతే మళ్లీ ఈ ఇంట్ల అడుగు పెట్టనిస్తవా లేదా? ఒక్క మాట చెప్పు డాడీ!"

కృపానందం లేచి నిలబడ్డాడు. ముఖం కందగడ్డలా అయింది. నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి గాని మాట రాలేదు. గిరుక్కున తిరిగి బయటికి వెళ్లిపోయాడు. వెనకాల తలుపు ఇల్లదిరేలా మూసుకుంది.

"నాకు జవాబొచ్చింది మమ్మీ" అని జాయ్స్ బట్టలు సర్దుకుంది. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు. ఆదివారాలు చర్చి ఆవరణలో తల్లిని కలిసి, అటునుంచి అటే వెళ్లిపోతుంది.

అప్పటినుంచే అతని నోరు మూతపడింది. లీదియా మొదట్లో బతిమాలింది. తర్వాత పోట్లాడింది. తానూ మౌనం పట్టి చూసింది. ఏం చేసినా అతను కిటికీ వైపే చూసేవాడు. చర్చిలో పాటల బృందం కూడా మానేశాడు. "పిల్లలు పాడనీ" అన్నాడు. కూతుర్ని వెనకేసుకొచ్చినందుకు తనకు వేస్తున్న శిక్ష ఇది అని ఆమె ఖాయం చేసుకుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు మొగుళ్ల నోటి దురుసు గురించి చెప్పుకుంటుంటే విని ఊరుకునేది. తిట్టే మొగుడున్నా ఇల్లు ఇంత ఖాళీగా ఉండదేమో అనిపించేది.

లీదియా పనిచేసే ఆస్పత్రిలో ఆమెకు మొదటి అంతస్తులో ఒక చిన్న గది ఉంది. నర్సుగా చాలాకాలం చేశాక, ఊపిరితిత్తుల బలం కొలిచే యంత్రం కొన్నప్పుడు దాన్ని నడపడం నేర్చుకుంది. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టాలి. ముక్కుకు క్లిప్పు పెట్టాలి. నోట్లో అట్టగొట్టం పెట్టి, గుండెల నిండా గాలి పీల్చి ఒక్క ఉదుటున ఊదమనాలి. గాలి ఎంత వచ్చింది, ఎంత వేగంగా వచ్చింది అన్నది యంత్రం కాగితం మీద గీత గీసి చూపిస్తుంది. బలమున్న ఛాతీ అయితే గీత నిటారుగా లేచి మెల్లగా దిగుతుంది. పాడైన ఛాతీ అయితే లేస్తూనే కూలబడుతుంది.

యంత్రం కంటే ముఖ్యమైనది గొంతు. పక్కన నిలబడి అరవకపోతే ఎవరూ చివరిదాకా ఊదరు. "ఊదండి! ఊదండి, ఊదండి! ఇంకా, ఇంకా, ఆపొద్దు!" అని లీదియా అరుస్తుంటే వరండాలో వాళ్లు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. కొత్త కంపెనీల్లో చేరబోయే కుర్రాళ్లు ఆరోగ్య పరీక్షకు వచ్చి, ఆటలా ఊదేసి పోయేవాళ్లు. ముసలివాళ్లు దగ్గి దగ్గి కళ్లు తుడుచుకునేవాళ్లు. పొద్దంతా అంతమందిని అరిచి, సాయంత్రం ఇంటికి వచ్చి, మాట్లాడటానికి మనిషి లేక ఆమె రేడియో పెట్టుకునేది.

ఆ రోజు జీడిమెట్ల నుంచి ఒక మందుల ముడిసరుకు ఫ్యాక్టరీ కార్మికులు వచ్చారు. కృపానందం సూపర్‌వైజరుగా పనిచేసే ఫ్యాక్టరీయే అది. ఏటా కార్మికులకు ఈ పరీక్ష చేయిస్తారు. సూపర్‌వైజర్లకు, ఆఫీసు స్టాఫుకు మాత్రం తప్పనిసరి కాదు.

పొడి ఆరబెట్టే సెక్షన్‌లో పనిచేసే ఐలయ్య కుర్చీలో కూర్చుని ఊదాడు. క్లిప్పు తీసి ముక్కు రుద్దుకుంటూ అడిగాడు. "మేడం, మా సార్‌కు జెయ్యరా?"

"మీ సార్ రాలేదుగా అండీ."

"అయ్యో, వచ్చిండు గదా. కింద వ్యాన్ల గూసున్నడు. మెట్లెక్కుడు సార్ తోటి కాదాయె. ఫ్యాక్టరీల గూడ మీది అంతస్తుకు పోవుడు బందు జేసి చానా దినాలాయె. ఏమన్న చెప్పాల్నంటే మమ్ములనే కిందికి పిలుస్తడు." లీదియా ముఖం చూసి అతను తడబడ్డాడు. "మీకు ఎర్కలేదా మేడం?"

"తెలుసు" అంది లీదియా. తెలియదు.

తర్వాతి మనిషిని కూర్చోమని చెప్పి, మెట్ల మలుపు దగ్గరి కిటికీలోంచి కిందికి చూసింది. వ్యాను తలుపు తెరిచి కృపానందం దిగుతున్నాడు. మంచినీళ్ల కుళాయి ఎంతో దూరం లేదు. సగం దూరం నడిచి ఆగాడు. గోడకు చెయ్యి ఆనించి, నడుం వంచి నిలబడ్డాడు. భుజాలు పైకీ కిందికీ లేస్తున్నాయి. మెడ నరాలు పొంగాయి. వేడి పాలు చల్లార్చేవాడిలా పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా గాలి వదులుతున్నాడు.

ఆ నిలబడే తీరు, ఆ పెదాల చుట్టు, ఎందరు రోగుల్లో చూసిందో లెక్కలేదు. వరండా అవతలి చివర కనిపించినా గుర్తుపట్టగలదు. ఒకే ఇంట్లో ఉంటూ ఈ మనిషిలో చూడలేకపోయింది. ఆమెకు కాళ్లు ఆగలేదు. గబగబా కిందికి దిగింది.

"పైకి రండి" అంది దగ్గరికి వెళ్లి.

అతను ఉలిక్కిపడి నిటారుగా నిలబడబోయాడు. "ఎందుకు?"

"మీరు ఊదాలి."

"నాకేం రోగం... ఆఫీసోళ్లకు... అవసరం లేదు."

మాటల మధ్య సందులు మొదటిసారి ఆమె చెవిన పడ్డాయి. మౌనం అనుకున్నదంతా ఆ సందుల్లోనే ఉంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"లీదియా... నలుగురున్నరు ఇక్కడ."

"ఉండనివ్వండి!" ఆమె గొంతు లేచింది. కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటున్న మనిషి తిరిగి చూశాడు. "ఏడాదిపైనైంది మీరు నాతో నోరారా మాట్లాడి. నేనేం పాపం చేశానో చెప్పమని మోకాళ్ల మీద పడి దేవుణ్ణి అడుక్కున్నాను. పిల్లని వెనకేసుకొచ్చానని శిక్ష వేస్తున్నారనుకున్నాను. గదిలోకి రావడం మానేస్తే నేనంటే ఏవగింపు పుట్టిందనుకున్నాను. ఈ వయసులో ఇంకొకళ్లతో చెప్పుకునే మాటేనా అది?"

కృపానందం ముఖంలో నిజమైన ఆశ్చర్యం కనిపించింది. "శిక్షనా?"

"మరేమిటి?"

అతను పక్కనున్న సిమెంటు బల్ల మీద కూలబడ్డాడు. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఎల్లెలికల పండుకుంటె... గాలాడదు. కూసుంటెనే... కన్నంటుకుంటది. నీ పక్కల గట్ల కూసుంటె... నీకు నిద్రుంటదా?"

"నాతో చెప్పొచ్చుగా! ఊళ్లో అందరి ఊపిరీ కొలిచేదాన్ని. నాతో చెప్పడానికి ఏమొచ్చింది?"

"అందుకే చెప్పలే."

ఆమెకు అర్థం కాలేదు. అతను నేల చూపులు చూస్తూ, ఒక్కో ముక్కా కూర్చుకుంటూ చెప్పాడు. "ఆ మిషిని వచ్చిన కొత్తల... ఇంటికొచ్చి చెప్పేదానివి. ఈయాల ఒకాయన వచ్చిండు, పాపం... గీత లేవనే లేదు, అని. అప్పుడు నీ మొఖం... జూసేటోణ్ణి. మంచి మొఖమే. దయగల్ల మొఖం. గని... నన్నట్ల జూస్తె... నేను నీ మొగుణ్ణి గాను లీదియా. నీ పేషెంట్‌ని."

లీదియా అలాంటిదేం లేదని అనబోయింది. కానీ ఇప్పుడు, ఈ క్షణంలో, తన ముఖం అలాగే ఉందేమో అనిపించి చూపు తిప్పుకుంది. బల్ల మీద అతని పక్కన కూర్చుంది.

"మరి పిల్ల? ఆ రోజు దానికి జవాబు చెప్పకుండా తలుపు విసిరి కొట్టి పోయారే?"

"కొట్టలే. గాలికి కొట్టుకున్నది." అతని కళ్లు ఎర్రబడ్డాయి. "చెప్పాల్ననే... లేసిన. అప్పటికే అరిసరిసి... లోపల గాలి లేదు. నోరు తెరిస్తె... ఏం రాలే. పిల్ల ముందల పడిపోతనేమోనని... బయటికురికిన. వాకిలి మెట్ల మీదనే కూసున్న. అది సంచి పట్టుకొని బయటికొచ్చేటప్పుడు... గోడ సాటుకు పోయిన."

"దేవుడా! ఆ తర్వాతైనా, ఫోన్లోనైనా ఒక్క మాట అనొచ్చుగా."

"ఫోన్ల ఊపిరే ఇనవడ్తది. అది రాత్రంత... డాక్టర్లు చెప్పేదే ఇంటది. రెండు మాటలంటె... కనిపెడ్తది. ఉద్యోగం ఇడిచిపెట్టి ఉరికొస్తది." కాస్త ఆగాడు. "ఒకపారి... స్కూటర్ తియ్యనీకి భయమై... బస్సుల దాని ఆఫీసు కాడికి పోయిన. బస్సు దిగి... ఆ ఎత్తు రోడ్డు సగం ఎక్కిన. బిల్డింగు కండ్ల ముందలనే ఉన్నది. పోలేకపోయిన. ఎన్కకొచ్చిన."

లీదియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాను ఆస్పత్రికి పోయిన ఏదో ఒక రోజు, ఈ మనిషి ఒంటరిగా బస్సెక్కి వెళ్లి, రోడ్డు పక్కన రొప్పుతూ కూర్చుని, ఒంటరిగా తిరిగొచ్చి ఉంటాడు. సాయంత్రం తాను వచ్చేసరికి మామూలుగా కిటికీ దగ్గరే ఉండి ఉంటాడు. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఒంటరిదాన్ని తానొక్కతే అనుకుంది.

"ఆ రోజు దానితో ఏం చెబుదామని లేచారు?" మెల్లగా అడిగింది.

"అది... దానికే చెప్త."

స్ట్రెచర్లకు వాడే లిఫ్టులో అతన్ని పైకి తీసుకువెళ్లింది. తన కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టం చేతికిచ్చింది. "గట్టిగా పీల్చండి. ఇప్పుడు... ఊదండి" అంది. గొంతు గుసగుసలా వచ్చింది. గీత కాస్త కదిలి ఆగింది.

కృపానందం గొట్టం తీసి ఆమె వైపు చూశాడు. "అందరికి... మస్తు అరుస్తవంట గదా. నాకెందుకు అరుస్తలేవు?"

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఊదండి! ఇంకా!" అని అరిచింది గాని గొంతు మధ్యలోనే జీరపోయింది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఐలయ్య అందుకున్నాడు. "ఊదుండ్రి సార్! ఇంక, ఇంక, ఆపకుండ్రి!" వెనకనున్న కార్మికులందరూ గొంతు కలిపారు. ఒకప్పుడు ఫ్యాక్టరీలో వాళ్ల మీద అరిచినవాడి మీద ఇప్పుడు వాళ్లు అరుస్తున్నారు. కృపానందం కళ్లు మూసుకుని, ఒంట్లో ఉన్న గాలంతా ఊదాడు.

గీత లేస్తూనే కూలబడింది.

డాక్టర్ భీమేశ్వరరావు కాగితం చాలాసేపు చూశాడు. "ఇది ఈ ఏడు మొదలైంది కాదండీ. ఏళ్ల తరబడి ఆ పొడి, ఆ ఆవిర్లు పీల్చారు. పాడైపోయిన భాగం తిరిగి రాదు, నేను అబద్ధం చెప్పను. కానీ మందు పీల్పించి మళ్లీ ఊదిస్తే కొంచెం మెరుగే కనిపించింది. అంటే మందులకు లొంగే భాగం కొంత ఉంది. పొడి ఉన్న చోట మాత్రం ఇక పని చెయ్యకూడదు. ఆయన ముందే వచ్చి ఉంటే..." అని, లీదియా ముఖం చూసి ఆ మాట పూర్తి చెయ్యలేదు. ఇంట్లో వాడుకోవడానికి పీల్చే మందు, ఊది చూసుకునే చిన్న ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఇచ్చాడు. ఊదితే అందులో ముల్లు ముందుకు జరుగుతుంది. ముల్లు బాగా వెనకబడిన రోజున వెంటనే ఆస్పత్రికి రమ్మన్నాడు.

ఆ సాయంత్రం లీదియా హాస్టల్‌కు ఫోను చేసింది. "మీ డాడీ నీతో మాట్లాడాలంటున్నారమ్మా. ఆదివారం మేమే వస్తాం."

"తిట్టడానికా?" అంది జాయ్స్. తర్వాత తనే, "సరే, రండి" అంది.

హాస్టల్లో వచ్చినవాళ్లు కూర్చునే గదిలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. జాయ్స్ తండ్రికి ఎదురుగా, చేతులు కట్టుకుని, బిగుసుకుని కూర్చుంది. కళ్ల కింద నిద్రలేని నలుపు.

"ఆ రోజు నువ్వడిగినవు..." కృపానందం మొదలుపెట్టి ఆగాడు.

"రావద్దనే కదా? చెప్పు డాడీ, ఏం కాదు" అంది జాయ్స్. లీదియా అందుకోబోయింది. అతను చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వడిగినవు... బిడ్డా... నేను..."

జాయ్స్ చేతులు విడిపోయాయి. తల కొద్దిగా పక్కకు వంచింది. రోజూ రాత్రి చెవులకు తగిలించుకుని వినే శబ్దమేదో ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషి ఛాతీలోంచి వినిపించినట్టు ఆమె ముఖం పాలిపోయింది.

"డాడీ, ఎప్పటి నుంచి గిట్లున్నది నీకు?"

కృపానందం భార్య వైపు తిరిగి చిన్నగా నవ్వాడు. "చూసినవా... కనిపెట్టింది."

జాయ్స్ కుర్చీ లాక్కుని అతని మోకాళ్లకు తగిలేంత దగ్గరగా జరిగింది. చేతులు పట్టుకుంది. "మెల్లగ చెప్పు. నేన్ యాడికి పోను."

"రాత్రి పని... నాకు ఇష్టం లేదు. ఇప్పటికీ లేదు." కాసేపు ఆగాడు. ఆమె కదల్లేదు. "గని నువ్వు పట్టువడితె... సరే పో... అందామనుకున్న. హాస్టలెందుకు... తెల్లారంగ డ్యూటీ దిగంగనే... నేనే స్కూటర్ మీదొచ్చి... రోజు తీస్కపోత... అందామని... లేసిన. గదే... నోట్లెకెల్లి రాలే."

జాయ్స్ అతని ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. "నేనే కదా డాడీ, జర ఆగలేదు. నువ్వు చెప్పేదాక ఆగలేదు" అంటూ ఏడ్చింది. కృపానందం ఆమె తల నిమురుతూ ఉండిపోయాడు.  లీదియా లేచి వెళ్లి కూతురి వీపు మీద చెయ్యి వేసింది. 

ఆ మధ్యాహ్నం జాయ్స్ రెండు జతల బట్టలు పెట్టుకుని వాళ్లతో బయల్దేరింది. ఆటోలో వెనక సీట్లో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. రాళ్లు పగలగొట్టి కొత్తగా వేసిన రోడ్డు మీద ఆటో దడదడమంటూ పోతోంది. కొంతదూరం వెళ్లాక కృపానందానికి ఏదో గుర్తొచ్చింది. ఫ్యాక్టరీలో ఐలయ్య చేసిన ఏదో గమ్మత్తు. కూతురి వైపు వంగి మొదలుపెట్టాడు. ఇంజను మోతలో అతని గొంతు వినిపించలేదు. రెండోసారి చెప్పబోయి, దగ్గు తెరలు వచ్చి, పోనీలే అన్నట్టు చెయ్యి ఊపి వెనక్కి వాలాడు.

జాయ్స్ ముందుకు వంగి డ్రైవరు భుజం తట్టింది. "అన్నా, జర పక్కకు ఆపు."

ఆటో రోడ్డు పక్కకు ఆగింది. "ఏమైందమ్మా?" అన్నాడతను కంగారుగా వెనక్కి తిరిగి. "తబియత్ బాగలేదా?"

"ఏం లేదన్నా" అంది లీదియా, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "మా ఆయన మాట్లాడుతున్నారు."

డ్రైవరు ఇంజను ఆపేశాడు.